రాజుబాయి గొంతులో చుట్టాలు

పాఠక మహాశయులారా! అన్నం తింటుంటే పొలమారడం జబ్బు కాదు, వైభోగం! పొలమారిందంటే ఎవరో తలుచుకుంటున్నట్టే కదా!

సిరొంచ రాజుబాయినే చూడండి. ముసలామెకు ముద్దముద్దకూ పొలమారేది. మొదటి దగ్గుకే కొడుకు సిద్ధార్థ్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా పక్క గదిలోంచి తీర్పు చెప్పేవాడు: "ఆష్టి అక్క తలుసుకుంటున్నదే అవ్వా!" రెండో దగ్గుకు రేగుంట చిన్నమ్మ. మూడో దగ్గుకు అల్లపల్లి మామ. టవర్ అక్కర్లేదు, రీచార్జ్ అక్కర్లేదు, గుంతల రోడ్డులో నడుము విరగదు. చుట్టాలంతా నేరుగా గొంతులోకే దిగుతున్నారు! ఇంతకు మించిన ఫైవ్ జీ ఉందా?

చాయ్ తాగితే సరేసరి. జిల్లా మొత్తం తలుచుకునేది!

రాజుబాయి పొంగిపోయింది. పొంగింది మనసే, ఒళ్లు మాత్రం ఎండింది. రెండుసార్లు ఛాతీలో నిమ్ము చేరి జ్వరం కూడా వచ్చింది.

అంతలో పానకంలో పుడకలా దవాఖానా నుంచి మింగుడు నేర్పే షబీనా దిగింది. "తలుసుకునుడు కాదు అవ్వా, నీ నాలుకకు బలం తగ్గింది. మెతుకు దారి తప్పి ఊపిరితిత్తులకు పోతున్నది" అని జిహ్వకు జిమ్ము పెట్టింది. నాలుక చాపు! ముక్కును అందుకో! బుగ్గను లోపలినుంచి పొడువు! చెంచాను నాలుకతో నెట్టు! "పా... టా... కా" అను!

దీపావళి రాకముందే ఇంట్లో పటాకాలు! అత్త నాలుక చాపితే, ఎదురుగా కూర్చుని కోడలు రేఖ కూడా చాపింది. ఏ కోడలికి దక్కుతుందండీ ఈ అదృష్టం? అదీ దవాఖానా వాళ్లు చెప్పి మరీ!

"గింత బలమొస్తే రేపు నన్నే తిడ్తవు అత్తమ్మా!"

"తిట్టనీకే గదనే చేసేది! ఇంకోపారి అను, పా... టా... కా!"

రేఖ దగ్గర కూర్చుని, అత్త వీపు నిటారుగా నిలిపి, చిన్న చిన్న ముద్దలు పెట్టింది. కొన్నాళ్లకు షబీనా చాయ్ తాగి చూడమంది. చాయ్ గ్లాసు ఖాళీ అయింది. దగ్గు లేదు!

ఘోరం కాదూ? చుట్టాలందరి కనెక్షన్ కట్! పక్క గదిలో సిద్ధార్థ్ బెంగపడ్డాడు: "ఏందే అవ్వా, నిన్ను ఇగ ఎవ్వరు తలుసుకుంటలేరా?"

అంటూనే, ఫోన్ చూస్తూ రొట్టె ముక్క మింగాడు. పొలమారింది! కళ్ల నిండా నీళ్లు. "ఎవరో... తలుసుకుం..."

రాజుబాయి గోడ పట్టుకుని నడిచొచ్చింది. కొడుకు నెత్తిన తట్టింది, కాస్త గట్టిగానే.

"ఎవరో కాదురా, నేనే. పక్క అర్రలకెళ్లి ఎన్ని రోజుల సంది తలుసుకుంటున్ననో! గిప్పటికి ముట్టింది."