స్వాధీనం చేసుకున్న ఐస్‌క్రీమ్

ఒక పెద్ద అడవిలో ఎండలు ముదిరాయంటే చాలు, పిల్లలందరికీ ఒకటే ధ్యాస. నల్లవ్వ ఫ్లోటు ఎప్పుడు చేస్తుందా అని.

నల్లవ్వ ఒక ముసలి ఎలుగుబంటి. ఫ్లోటు అంటే తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి ముందు అది చెప్పేస్తాను. గ్లాసులో రెండు చెంచాల సుగంధి పానకం పోయాలి. దాని మీద సగం దాకా చల్లటి గోలీసోడా. ఆపైన ఒక ఐస్‌క్రీమ్ ముద్దను చెంచాతో మెల్లగా జారవిడవాలి. దబ్బున పడేస్తే పొంగి మోచేతి దాకా కారుతుంది. ముద్ద తేలుతుంది, చుట్టూ బుసబుసమని నురగ లేస్తుంది, ఆ నురగ ఉండగానే తాగెయ్యాలి. అంతే. పొయ్యి అక్కర్లేదు, పట్టా అక్కర్లేదు. కావలసిన నాలుగో వస్తువు ఆత్రం. అది పిల్లల దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఆఫీసుల్లో దొరకదు.

ఆ పిల్లల్లో చిప్పి అని ఒక తాబేలు పిల్ల. పోయిన వేసవిలో అది వచ్చేసరికి గ్లాసులు కడుగుతున్నారు. అంతకు ముందు వేసవిలో అయితే కడిగి బోర్లించేశారు కూడా. అందుకని ఈసారి నాలుగు రోజుల ముందే బయల్దేరి, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా, సరిగ్గా సమయానికి చేరింది.

"వచ్చావా తల్లీ!" అంది నల్లవ్వ. "ఈ ఏడు మొదటి గ్లాసు నీదే. ముద్ద కూడా నీ చేత్తో నువ్వే వేసుకో."

చిప్పి చెంచా పట్టుకుంది. మెడ ఎంత సాగుతుందో అంతా సాగదీసింది. ముద్దను గ్లాసు అంచు దాకా తెచ్చింది.

"ఆపండి!"

అడవి మండలి కార్యదర్శి కొంగ. కళ్ళజోడు ముక్కు చివర ఉంది. ఆ ముక్కుకు చివర అంటే చాలా దూరం.

"ఏమమ్మా, దీనికి అనుమతి ఉందా?"

"సోడా తాగడానికి అనుమతి ఏమిటయ్యా?"

"సోడాకు అక్కర్లేదు. ఐస్‌క్రీమ్‌కూ అక్కర్లేదు. రెండూ కలిపితే అది సమావేశం. సమావేశానికి అనుమతి కావాలి." కొంగ ఐస్‌క్రీమ్ కుండనీ, పెట్టెడు సోడాలనీ చూపించాడు. "వీటిని సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంటున్నాం. చెంచా కూడా ఇవ్వు పాపా."

చిప్పి చెంచా ఇచ్చేసింది. ముద్ద తిరిగి కుండలో పడింది. కుండకు లక్క ముద్ర పడింది. అన్నీ ఏటి ఒడ్డున ఉన్న సాక్ష్యాల కొట్టులోకి వెళ్ళిపోయాయి.

విషయం మండలి దాకా వెళ్ళింది. మండలి అధ్యక్షులవారు పెద్దపులి. ఆయన మంచివాడే. ప్రజలు చప్పట్లు కొట్టే ఏ పనినైనా తన పేరు మీద చేయించడానికి సిద్ధంగా ఉంటాడు.

"పిల్లలకు ఇంత ఇష్టమైన దాన్ని ఒక ముసలావిడ చేస్తుంటే మనం చూస్తూ కూర్చున్నామా?" అన్నాడు పులి. "ఎనిమిది రోజుల్లో మహోత్సవం పెట్టండి. నేనే ప్రారంభిస్తాను."

సలహా కోసం గుడ్లగూబను పిలిచారు. శీతల పానీయాల్లో నిపుణుడు. పగలు కళ్ళు కనబడవు కనక ఫ్లోటును ఎప్పుడూ చూడలేదు. అందువల్ల ఆయన అభిప్రాయంలో పక్షపాతం ఉండదని అందరూ అన్నారు.

"సోడా కొడితే చప్పుడొస్తుంది," అన్నాడు గుడ్లగూబ. "అధ్యక్షులవారి ముందు అన్ని చప్పుళ్ళు మర్యాద కాదు. పొద్దున్నే కొట్టేసి, గ్లాసుల్లో పోసి ఉంచండి. బుడగలు కూడా సర్దుకుంటాయి."

"ఐస్‌క్రీమ్?"

"బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టండి. పారదర్శకత ఉండాలి."

"బుడగలు పోతే ఇంకేం మిగులుతుందయ్యా?" అని నల్లవ్వ వెనక నుంచి అడిగింది.

"మీ ప్రశ్నను నమోదు చేసుకున్నాం," అన్నాడు కొంగ. నిజంగానే నమోదు చేసుకున్నాడు. అక్కడితో దాని ఆయుష్షు తీరింది.

పిల్లలు ఇళ్ళకు వెళ్ళారు. చిప్పి వెళ్ళలేదు. పోవడానికి నాలుగు రోజులు, రావడానికి నాలుగు రోజులు. మళ్ళీ ఆలస్యమైతే? ఏటి ఒడ్డునే తడి ఇసకలో కూర్చుని ఎదురుగా ఉన్న సాక్ష్యాల కొట్టు తలుపు చూస్తూ గడిపింది. కాబట్టి ఒక సంగతి అది మాత్రమే గమనించింది. రోజుకు రెండుసార్లు కొంగ వచ్చేవాడు. కుండ చుట్టూ కొండగుహ నుంచి తెప్పించిన మంచుగడ్డలు సర్దేవాడు, గళ్ళ ఉప్పు చల్లేవాడు, సంతకం పెట్టి వెళ్ళేవాడు. ఉప్పు ఎందుకంటే, ఉప్పు తగిలిన మంచు ఇంకా చల్లబడుతుంది. స్వాధీనం చేసుకున్న వస్తువు రూపం మారకూడదని నిబంధన. కొంగ నిబంధన తప్పేవాడు కాదు. చిప్పి ఈ సంగతి నల్లవ్వ చెవిన వేసింది.

మహోత్సవం రోజు వచ్చింది. అధికారులకు పందిరి, పిల్లలకు ఎండ. పొద్దున ఏడింటికే కొత్త సోడాలన్నీ కొట్టేశారు, కొత్త ఐస్‌క్రీమ్ కుండ మూత తీసి బల్ల మీద పెట్టారు. పిల్లల్ని ఎత్తును బట్టి వరసలో నిలబెట్టారు. పొడుగైనవాళ్ళు ముందు. జిరాఫీ పిల్ల వేదికకు ఆనుకుని ఉంది. వరస సాగి సాగి ఏటి ఒడ్డు దాకా వెళ్ళింది. అందరికంటే చివర, సాక్ష్యాల కొట్టు గుమ్మం దగ్గర, చిప్పి.

"అవ్వా, ఇన్ని రోజులుండి మళ్ళీ నేనే ఆఖరా?" అంది.

"వరస ఎటు నుంచి మొదలవుతుందో ఇప్పుడే ఏం తెలుస్తుందమ్మా," అంది నల్లవ్వ.

పది గంటలకు రావలసిన అధ్యక్షులవారు ఒంటిగంటకు వచ్చారు. బల్ల మీద ఐస్‌క్రీమ్ అప్పటికి పారదర్శకం కావడం పూర్తయింది. కుండలో పాలు మాత్రం ఉన్నాయి, అందులో రెండు ఈగలు ఈదుతున్నాయి.

"అవ్వా, ఇది ఫ్లోటేనా?" అని అరిచింది బూరి అనే కుందేలు పిల్ల.

"ష్! మహోత్సవం," అన్నాడు కొంగ.

పులి ముప్పావుగంట మాట్లాడాడు. "ఫ్లోటు నేరమని ఎవరన్నారు? ఫ్లోటు ప్రతి పిల్ల హక్కు! ఇది నా చిన్ననాటి కల!" చప్పట్లు.

నల్లవ్వ నెమ్మదిగా వేదిక ఎక్కింది. చేతిలో ఏదో రాసిన ఆకు. "అయ్యా, ఎంత బాగా చెప్పారు! నేరం కాదన్నారు కదా, మరి నా మీద కేసు ఉండకూడదు. కేసు లేకపోతే సాక్ష్యం కూడా ఉండకూడదు. ఇక్కడ ఒక్క ముద్ర వేస్తే..."

జనం చూస్తున్నారు. పులి ఉదారంగా పంజా ముద్ర వేశాడు.

ఇక ప్రారంభోత్సవం. దానికోసం ఒక్క సోడా మాత్రం కొట్టకుండా ఉంచారు. పూలు చుట్టి, పళ్ళెంలో పెట్టి, డప్పులతో ఎండలో పందిరి చుట్టూ మూడుసార్లు ఊరేగించారు. వేడెక్కిన, కుదిపిన సోడా ఏం చేస్తుందో మీకు తెలుసు. మండలికి తెలియదు. పులి గోళ్ళతో గోలీని నొక్కాడు.

సోడా ఆయన ముక్కులోకి వెళ్ళింది. మిగిలింది గుడ్లగూబ మీద పడింది. ఆయనకు మొదటిసారి పగలు కళ్ళు తెరుచుకున్నాయి. పులి తుమ్మిన తుమ్ముకు పందిరి కూలింది. అధికారులు పందిరి కింద నుంచి ఒకరినొకరు అభినందించుకుంటూ పాకారు.

పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. నల్లవ్వ గబగబా వరస చివరికి నడిచింది. కొంగ కొట్టుకు అడ్డం నిలబడ్డాడు.

"ఇప్పుడా? ఇంత గందరగోళంలోనా?"

"ఈ ఆకు చూడండి కొంగయ్యా."

కొంగ ముద్ర చూశాడు. తిప్పి చూశాడు. ముద్ర ఉన్నాక ఆయన ఇంకేం చేయగలడు? సంతకం తీసుకుని, తలుపు తెరిచి, కుండ మీది లక్క పగలగొట్టాడు. లోపలి నుంచి చల్లటి పొగ వచ్చింది. ఐస్‌క్రీమ్ రాయిలా ఉంది, పక్కనే కొట్టని సోడాల పెట్టె ఉంది.

"అందరూ వెనక్కి తిరగండి!" అంది నల్లవ్వ. వరస మొత్తం వెనక్కి తిరిగింది. చిప్పి మొదటిదయింది.

నల్లవ్వ పానకం పోసింది, సోడా కొట్టింది. కీచుమంది. చిప్పి అదే చెంచాతో, అదే ముద్దను మెల్లగా జారవిడిచింది. ముద్ద మునిగింది, తేలింది, నురగ లేచి చిప్పి మూతికి తెల్లటి మీసాలు పెట్టింది.

"తొందరగా, తొందరగా!" అని అరిచింది బూరి.

పుట్టిన తర్వాత చిప్పి మొదటిసారి తొందరపడింది. ఒక్క గుక్కలో తాగేసి, పెద్దగా త్రేన్చింది.

మండలి నివేదికలో మహోత్సవం ఘనవిజయమని రాశారు. పందిరి కూలడానికి పిల్లల ఆత్రమే కారణమని తేల్చి, వచ్చే ఏడు నుంచి ఆత్రాన్ని నిషేధించారు.

నీతి: పిల్లలకు ఏదైనా చల్లగా అందాలంటే, ముందు దాని మీద ఒక కేసు పెట్టించాలి.