కాశీబుగ్గలో చిరునవ్వు కోచింగ్

మన ఉద్దానం పిల్లల్లో ఉన్న అతి పెద్ద లోపం ఏమిటో తెలుసా? మాట్లాడటం! మీరు సరిగ్గానే చదివారు. మనసులో ఏముందో అదే, అవతలి వీధికి వినబడేలా, గుక్క తిప్పుకోకుండా మాట్లాడేస్తారు. ఇలాంటివాళ్లకు ఉద్యోగాలు ఎవరిస్తారండీ?

ఈ జబ్బుకు మందు కాశీబుగ్గలోనే దొరుకుతోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. జీడిపప్పు కొట్టు మీద, మేడ గదిలో, ‘ప్రగతి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ సెంటర్’ వెలిసింది. దాని డైరెక్టర్ తారకేశ్వరరావుగారు మే నెలలో కరెంటు పోయినా సరే, టై విప్పరు. అంత ఉక్కలో టై విప్పని మనిషిని నమ్మక ఇంకెవరిని నమ్ముతాం?

ఫలితాలు చూడండి. హరిశ్చంద్రపురం నుంచి వచ్చే ఒక కుర్రాడు ఇప్పుడు ఇంట్లో అన్నం కావాలన్నా ముందు తల్లికి షేక్‌హ్యాండ్ ఇచ్చి, తన బలాలూ బలహీనతలూ వివరించి, ఆ తర్వాతే కంచం ముందు కూర్చుంటున్నాడట. పూండి స్టేషన్లో ఇద్దరు శిష్యులు రైలు పెట్టె తలుపు దగ్గర ఎదురుపడి, ‘ఆఫ్టర్ యూ’ అంటే ‘ఆఫ్టర్ యూ’ అనుకుంటూ పాసింజరును సాగనంపారు. ఏం సంస్కారం! రైలుదేముంది, రేపు మళ్లీ వస్తుంది.

మా ఇంటికి చేపలు తెచ్చే సన్యాసమ్మ కూతురు భాను సంగతి చెబితే మీకే నమ్మకం కుదురుతుంది. ఆ పిల్లది వజ్రపుకొత్తూరు వైపు సముద్రపొడ్డు పల్లె. డిగ్రీ పాసైంది. కానీ తెప్పలు ఒడ్డుకు చేరగానే ఇసకలో నిలబడి చేపల వేలం పాట పెట్టేది ఆమే. కెరటాల హోరు మీద ఆ గొంతు వినాలి మీరు! పలాస నుంచి వచ్చిన వ్యాపారి ధర తగ్గిస్తే వాడి మీసం మొదలుకొని మోటారు సైకిలు దాకా దేన్నీ వదిలేది కాదు. నవ్వుతూనే కడిగేసేది, నవ్వుతూనే ధర పెంచేది. పల్లె మొత్తం వేట ఆ గొంతు మీదే అమ్ముడయ్యేది.

ఇంతలో చేపలు కొని ఐసులో పెట్టి ఎగుమతి చేసే కంపెనీ ఒకటి పేపర్లో ప్రకటన వేసింది. ఫీల్డ్ అసిస్టెంట్లు కావాలి, కమ్యూనికేషన్ స్కిల్స్ తప్పనిసరి అని. భాను ఈ ఉద్యోగం మీద చాలా ఆశ పెట్టుకుంది. నెల జీతం మీద ఒడ్డున నిలబడే మొదటి ఆడపిల్లను నేనే అవుతానని ఊరందరికీ చెప్పుకుంది. ఆ స్కిల్స్ ఎక్కడ దొరుకుతాయని తల్లి నన్నడిగింది. నేను మేడ మెట్లు చూపించాను.

తారకేశ్వరరావుగారు ఆమె గొంతు వినగానే చెవులు మూసుకున్నారు. ఆ తర్వాత శ్రద్ధగా చెక్కారు. గొంతు తగ్గించాలి. ‘ఏటి’ అనకూడదు. చేతులు తిప్పకూడదు. పెదవులు విడకుండా నవ్వాలి. ఊరు అడిగితే వైజాగ్ దగ్గర అనాలి. చేపల ఊసు పొరపాటున కూడా ఎత్తకూడదు. హాబీ అంటే పుస్తక పఠనం. చెప్పినదంతా భాను బుద్ధిగా నేర్చుకుంది, తెలివైన పిల్ల కదా!

టెక్కలి లాడ్జిలో ఇంటర్వ్యూ. కంపెనీ మేనేజరు జగదీశ్వరరావుగారు అడిగినవాటికల్లా మెత్తగా జవాబిచ్చింది. వైజాగ్ దగ్గర అంది. పుస్తక పఠనం అంది. ఆయనకు అప్పటికే విసుగొచ్చింది. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లంతా వైజాగ్ దగ్గరవాళ్లే, అందరూ పుస్తకాలు చదివేవాళ్లే. చివరికి ఆయన అసలు సంగతి చెప్పేశాడు. అక్కడెక్కడో ఒడ్డున ఒక అమ్మాయి పాట పెడుతుందట, వ్యాపారులకే చెమటలు పట్టిస్తుందట, మాకు అలాంటి మనిషి కావాలి, ఆమె మీకు తెలుసా అని అడిగాడు.

భాను పెదవులు విడకుండా నవ్వి, తెలియదండీ అంది.

గమనించారా? కళ్లలో కళ్లు పెట్టి, తొణక్కుండా, తనెవరో తనకే తెలియదని చెప్పగలిగింది! ఏ శిక్షణా లేనివాళ్ల వల్ల అయ్యే పనేనా ఇది? ఇంటికొచ్చి మాత్రం ఆ రోజంతా ఏడ్చిందని సన్యాసమ్మ చెప్పింది. ఏడుపు మీద సెంటర్లో ఇంకా క్లాసు పెట్టలేదు మరి.

ఆ మనిషిని వెతుక్కుంటూ మేనేజరు వారం తిరక్కుండా ఒడ్డుకే వచ్చాడు. అప్పుడే తెప్పలు చేరాయి. కవ్వళ్ల చేపలు కుప్ప పోశారు. పాట మొదలుపెట్టిన భాను ఆయన్ని చూసింది. అంతే, గొంతు తగ్గిపోయింది, చేతులు ఒద్దికగా ముడుచుకున్నాయి, ముఖం మీదికి ఆ చిరునవ్వు వచ్చేసింది. ఇదే సందని అప్పన్న అనే వ్యాపారి సగం ధరకే కుప్పంతా కొట్టేయబోయాడు. వేటకెళ్లి వచ్చిన మగవాళ్లు తడి బట్టలతో అలా చూస్తూ నిలబడిపోయారు.

“సిగ్గుపడితే సేపలు అమ్ముడౌతాయేటే? నోరెత్తు!” అంది సన్యాసమ్మ.

భాను మేనేజరు వైపు ఒకసారి చూసింది. కుప్ప వైపు చూసింది. కొంగు బిగించింది. ఆ తర్వాత ఎత్తిన గొంతుకు అప్పన్న రెండడుగులు వెనక్కి వేశాడట. వాడి కాటా మీద, వాడి మాట మీద, పోయిన వారం ఇచ్చిన ధర మీద ఆమె చెప్పిన వ్యాఖ్యానానికి ఒడ్డంతా నవ్వింది. కుప్ప మంచి ధరకే పోయింది. మేనేజరు దగ్గరకు వచ్చి, మరి ఆవేళ తెలియదన్నావేమని అడిగాడు.

“ఆయేల నాను ట్రైనింగులో ఉన్నాను సార్,” అంది భాను.

సోమవారం నుంచి ఉద్యోగంలో చేరమన్నాడు.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా, సెంటర్ మన పాలిటి వరమని? మన పిల్లల దగ్గర ధైర్యం ఉందని చెప్పేవాళ్లే లేరు. పుట్టుకతో వచ్చిన ఆ ధైర్యాన్ని ముందు సిగ్గుగా మార్చాలి, ఆనక ఆత్మవిశ్వాసం అనే పేరు పెట్టి కొంచెం కొంచెంగా తిరిగి అమ్మాలి. ఎంత ఓపిక కావాలండీ దానికి! నాకైతే ఒళ్లు మండుతోంది, గౌరవంతోనే అనుకోండి.

నిన్న సెంటర్ కొత్త కరపత్రం మా ఇంటికీ వచ్చింది. ‘మా శిక్షణతో ఉద్యోగం సాధించిన విద్యార్థిని’ అని భాను ఫొటో వేశారు. కోర్సు చివరి రోజున తీసినదట. పెదవులు విడకుండా ఎంత చక్కగా నవ్వుతోందో! ఆ పిల్లకు ఉద్యోగం పోబోయింది సరిగ్గా ఆ నవ్వుతోనే.