చేపలపల్లి జెండా

మంగళవారం పొద్దున అజ్మాన్ గదిలో పళ్లు తోముకుంటూ భూమేశ్ ఆ రోజుకు రెండే పనులు అనుకున్నాడు. మధ్యాహ్నంలోపు జర్మనీ వాళ్ల జెండా కుట్టి ముగించాలి. భోజనం గంటలో మిగిలిన గుడ్డతో భార్య కోసం ఇంకో జెండా కుట్టి, సాయంత్రం ఊరికి విమానమెక్కే తన ఊరివాడు దయాకర్ చేతిలో పెట్టాలి. పాపం, ఒకే తాను గుడ్డతో రెండు ఊళ్లకు జెండాలు కుడితే ఏమవుతుందో అతనికి అప్పటికి తెలియదు.

భూమేశ్ షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో జెండాలు కుట్టే వర్క్‌షాప్‌లో టైలరు. జగిత్యాల దగ్గర ఎల్లంపేటలో అతని భార్య వాసంతి సర్పంచ్‌గా నిలబడింది. పోలింగ్ ఆదివారం. గుర్తు కత్తెర. టైలరు పెళ్లానికి కత్తెర రావడం శుభమే అని ఊరంతా అన్నది గానీ, ఎదుటి పక్షం వాళ్లు ఒక్క మాటతో ఆమె ఉత్సాహం మీద నీళ్లు చల్లారు. "మొగని ఓటే దిక్కు లేదు, మా ఓట్లు గావాల్నట!" ఆ మాట ఫోన్లో చెబుతూ వాసంతి ఏడ్చేసింది. ఎవరికీ జంకని మనిషి అలా ఏడవడం భూమేశ్ ఎన్నడూ వినలేదు. "నేనొస్త. వచ్చి ఓటేస్త. ఏడ్వకు" అని మాటిచ్చాడు.

మేనేజర్ వేణుగోపాలరావుది ఏలూరు. నోరు పెద్దది, మనసు మెత్తన. ఆ రెండోది బయటపడకుండా తెగ జాగ్రత్తపడతాడు. శుక్రవారం నుంచి చుట్టీ, అంటే సెలవు, ఇచ్చాడు గానీ మెలిక పెట్టాడు.

"ఈ జర్మనీ ఆర్డర్‌లో ఒక్క కంప్లైంట్ వచ్చిందనుకో, నీ చుట్టీ ఖలాస్. తర్వాత నా కాళ్లు పట్టుకున్నా లాభం లేదు."

ఆర్డరు చిన్నదే. దుబాయ్‌లో తినుబండారాల ప్రదర్శనకు జర్మనీ నుంచి ఓ చిన్న ఊరి వాళ్లు తేనె, జున్ను తెచ్చుకుంటున్నారు. స్టాలు ముందు నిలువుగా వేలాడేసేందుకు పచ్చ జెండా, దాని మీద తమ ఊరి చిహ్నం కావాలన్నారు. తెల్ల చేప, దాని నోట్లో బంగారు రంగు తాళంచెవి. ఊరి పేరు హెష్ట్‌డోర్ఫ్. అది నోరు తిరగక వర్క్‌షాప్‌లో అందరూ చేపలపల్లి అనుకున్నారు.

"ఊరికి గుర్తెందుకుంటది సార్? ఆడ గూడ సర్పంచ్ ఎలక్షన్లా?" అని భూమేశ్ అడిగాడు.

"ఎలక్షన్ గుర్తు కాదయ్యా బాబూ! ఊరి చిహ్నం. ఐదొందల ఏళ్ల నుంచీ వాళ్లకదే."

"ఐదొందల ఏండ్ల సంది ఒక్క పార్టీయే గెలుస్తున్నదా సార్?"

వేణుగోపాలరావు నెత్తి కొట్టుకుని వెళ్లిపోయాడు. భూమేశ్ మాత్రం ఆ మేనేజర్‌కు రాజకీయాలు తెలియవని తీర్మానించుకున్నాడు. వారమంతా పక్క బల్ల మీద ప్యాకింగ్ చేసే రమీజ్‌కు అదే చెప్పాడు. జర్మనీ సర్పంచ్‌ది చేప గుర్తు, పక్కా.

మంగళవారం అనుకున్నట్టే రెండు జెండాలూ తయారయ్యాయి. ఒకే పచ్చ గుడ్డ, ఒకే కొలత. ఒకదాని మీద చేప. రెండోదాని మీద కత్తెర, దాని కింద 'వాసంతికే మీ ఓటు' అని తెలుగు అక్షరాలు. రమీజ్ రెండింటినీ మడిచి ఏది ఎవరికని అరిచాడు. మిషను చప్పుడులో భూమేశ్ తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"సర్పంచ్ వాలా దయాకర్‌కో దేదో! దూస్‌రా జర్మనీకో!"

రమీజ్ పాకిస్తాన్‌లోని ముల్తాన్ మనిషి, బుద్ధిమంతుడు. సర్పంచ్‌ది దయాకర్‌కివ్వమన్నారు; సర్పంచ్ అంటే చేప అని వారం రోజులుగా విన్నాడు. పైగా రెండో జెండా మీది రాత అతనికి తెలిసిన ఏ రాతా కాదు. ఉర్దూ కాదు, అరబ్బీ కాదు, ఇంగ్లీషు అంతకంటే కాదు. ఇక మిగిలింది జర్మనే కదా! చేపను దయాకర్‌కిచ్చి, కత్తెరను స్టాలుకు పంపి, హాయిగా చాయ్ తాగాడు.

గురువారం పొద్దున పది గంటలకు రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. ప్రదర్శన నుంచి వేణుగోపాలరావుకు, ఎల్లంపేట నుంచి భూమేశ్‌కు.

"చేప ఏందయ్యా?" అని వాసంతి నిలదీసింది. "దయాకరన్న తెచ్చుడు తెచ్చి నన్నడగకుంటనే బస్టాండ్ కాడ కట్టిండు. ఊరంత జమైంది!"

"అయ్యో, అది జర్మనీ సర్పంచ్‌ది! జల్ది తీసెయ్యి!"

"తీద్దామనే వోయిన. చేపలు పట్టేటోళ్లు అడ్డం నిలవడ్డరు. వాళ్లల్ల పెద్దమనిషి వెంకట్రాములు పెదనాయిన నా చేతులు పట్టుకొని ఏడ్చిండు. చెరువు గేటు తాళంచెవి మాకిప్పిస్తవా బిడ్డా అనుకుంట..."

ఎల్లంపేట చెరువు గేటుకు మూడేళ్లుగా బయటి కాంట్రాక్టరు తాళం ఉంది, ఊరివాళ్లకు చేపలు పట్టే వీల్లేదు. చేపా తాళంచెవీ ఒక్కచోట కనబడగానే అది వాసంతి ఇచ్చిన హామీ అని వాళ్లు అనుకున్నారు. దిక్కుతోచక భూమేశ్ ఏదో అనబోయేలోపు వేణుగోపాలరావు వచ్చి మెడ పట్టినంత పని చేశాడు.

"కత్తెరేంట్రా, కత్తెర! స్టాలు ముందు మన తెలుగోళ్లంతా గుంపు కట్టి సెల్ఫీలు దిగుతున్నారంట! నీ చుట్టీ ఖలాస్. యల్లా, పద, వ్యానెక్కు. వచ్చి ఆ ఊరి మేయరమ్మ ముందు నువ్వే చెప్పుకో."

దారి పొడవునా భూమేశ్‌కు వాసంతి ఏడుపే చెవుల్లో వినిపిస్తోంది. మాట తప్పినట్టే, అంతా అయిపోయిందనుకున్నాడు.

చేపలపల్లి మేయరు ఆరడుగుల నడివయసు ఆవిడ. జున్ను ముక్కలు కోస్తూ జెండా వైపు చూపి, అదేమిటని అడిగింది. వేణుగోపాలరావు చెమటలు తుడుచుకుంటూ ఇంగ్లీషులో వివరించాడు. ఇతని భార్య, ఊరు, ఎన్నిక, కత్తెర, పొరపాటు, క్షమాపణ. సాయంత్రానికి కొత్త జెండా ఇస్తామన్నాడు.

ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"మీ ఊళ్లో ఓట్లెన్ని?"

"పద్దెనిమిది వందలు" అని భూమేశ్ మేనేజర్ ద్వారా చెప్పాడు.

"మా ఊళ్లో పదకొండు వందలే. పోయినసారి నేను గెలిచింది తొమ్మిది ఓట్లతో. మా వంటింట్లో కూర్చుని రాత్రంతా లెక్కపెట్టుకున్నాం. ఇంతకీ ఊళ్లో ఎన్నిక పెట్టుకుని ఈయన ఇక్కడెందుకున్నాడు?"

వేణుగోపాలరావు తల దించుకున్నాడు. చివరికి సంగతి చెప్పక తప్పలేదు. కంప్లైంట్ వస్తే సెలవు ఉండదని తానే అన్నాడు మరి.

"అలాగైతే వినండి" అని ఆవిడ వేలు చూపింది. "ఈయన ఆదివారానికి ఓటు వేయకపోతే, అప్పుడు రాస్తాను కంప్లైంట్. నాలుగు పేజీలు రాస్తాను."

భూమేశ్‌కు మాటలు అర్థం కాలేదు. మేనేజర్ ముఖం చూస్తే అర్థమైంది. కళ్లనీళ్లు ఆగక ఆవిడకు రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. ఆవిడ గాబరాపడి ఓ తేనె సీసా ఇచ్చింది. తిరుగుదారిలో వేణుగోపాలరావు, "ఎయిర్‌పోర్టుకి నేను దింపుతాలే, టాక్సీ దండగ" అని కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

సాయంత్రానికి కొత్త చేప జెండా స్టాలుకు చేరింది. శనివారం పొద్దున భూమేశ్ ఎల్లంపేటలో దిగేసరికి చేపలు పట్టేవాళ్లు ఇంటి ముందు బారులు తీరి ఉన్నారు. అబద్ధం ఒంటపట్టని మనిషి కదా, నేరుగా వెంకట్రాములు దగ్గరికి వెళ్లాడు. "పెదనాయినా, ఆ చేప మనది గాదు, అది జర్మనీ..."

వాసంతి అతని కాలు గట్టిగా తొక్కింది. "విమానంల అలిసి వచ్చినవ్. లోపలికి వోయి పండు!" లోపలికి వచ్చాక గొంతు తగ్గించింది. "తెల్వకుంటనే మాటిచ్చినం. గెలిస్తే తాళంచెవి ఇప్పిద్దాం. తప్పేంది?"

తప్పేమీ అతనికీ కనబడలేదు. ఆదివారం తలెత్తుకుని, అందరూ చూస్తుండగా బూత్‌లోకి వెళ్లాడు. "మొగడొచ్చిండు, మొగడొచ్చిండు" అని ఎదుటి పక్షం ఏజెంటే గొణిగాడు. సాయంత్రానికి వాసంతి పంతొమ్మిది ఓట్లతో గెలిచింది. ఊరేగింపులో ముందు నడిచింది చేప జెండా. షార్జా నుంచి వేణుగోపాలరావు, చేపలపల్లి నుంచి మేయరమ్మ అభినందనలు పంపారు. నెల తిరక్కముందే చెరువు గేటు తాళం మారింది.

బూత్‌లో హడావుడిలో ముద్ర సరిగ్గా కత్తెరకూ ఎదుటి పక్షం గుర్తు ఉంగరానికీ మధ్య గీత మీద పడి తన ఓటు చెల్లకుండా పోయిన సంగతి మాత్రం భూమేశ్ ఈనాటికీ ఏ సర్పంచ్‌కీ చెప్పలేదు.