లాటిన్ నేర్చిన కేబిన్‌మన్

పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది, మే నెల. ఆ సోమవారం పొద్దున సూర్యారావు వేసుకున్న పథకం చిన్నదే: ఆఫీసుకెళ్లాలి, తప్పు ఒప్పుకోకూడదు, ఉద్యోగంతో సహా భోజనానికి ఇంటికి రావాలి. రాయపూర్ రైల్వే కేబిన్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా సిగ్నళ్ల లివర్లు లాగుతున్నాడు. కిందటివారం ఒక గూడ్సు ఇరుసు దగ్గర పొగ కనబడగానే ఎవరినీ అడక్కుండా ఎర్రజెండా చూపి ఆపేశాడు. వెనకున్న మెయిలు గంట ఆలస్యమైంది. ఇప్పుడు పై అధికారి, హిందీ సాబ్, ఆఫీసుకు రమ్మంటూ కాగితం పంపాడు. మెచ్చుకోవడానికి రైల్వే కాగితం ఖర్చు పెట్టదని కాలనీలో అందరికీ గట్టి నమ్మకం.

పక్కింటి రామమూర్తి కోర్టులో టైపిస్టు. "నీమీద నువ్వే నేరం మోపుకోమని ఎవరూ బలవంతపెట్టలేరయ్యా. దానికి లాటిన్ మాట ఉంది. 'నెమో టెనెటుర్ సెయిప్సమ్ అక్యుసారే.' ఏం అడిగినా ఇదే చెప్పు" అని వల్లె వేయించాడు.

"గాడీ కిస్నే రోకీ?" అన్నాడు ఆఫీసులో సాబ్, బండి ఆపిందెవరని.

సూర్యారావు లాటిన్ చెప్పాడు. పేరడిగినా అదే చెప్పాడు. వడదెబ్బేమోనని సాబ్ డాక్టరును పిలిపించాడు. పొద్దున ఏం తిన్నావని డాక్టరు అడిగితే, అందులోనూ ఏదో మెలిక ఉంటుందని మళ్లీ లాటినే. ఈ కబురు కేబిన్ చేరేసరికి సూర్యారావు ఉద్యోగం ఊడిపోయిందనే దాకా పెరిగింది.

అతనితోపాటు డ్యూటీ చేసే నూకరాజు టీ గ్లాసు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "గాడీ మైనే రోకీ సాబ్" అని, బండి ఆపింది తనేనని చెప్పేసి, సూర్యారావు వైపు తిరిగాడు. "నువ్వూరుకో మావా. రెండేళ్లలో నీకు పింఛనీ ఉంది. నాకేటి, ఎక్కడో కూలి సేసుకు బతుకుతాను."

సాబ్ లేచి నూకరాజు చేయి పట్టుకుని ఊపాడు. ఆ ఇరుసు పగిలి ఉందట. బండి ఇంకో రెండు మైళ్లు పోతే బోల్తా పడేదట. ఆపినవాడికి పతకం ఇవ్వాలని పేరు కోసం పిలిపించాడట.

నూకరాజు బిత్తరపోయాడు. "నేను కాదు సాబ్, మావే" అని హిందీలో మొత్తుకున్నాడు. సాబ్ అతని వినయానికి మురిసిపోయాడు.

సూర్యారావు కళ్లు చెమర్చాయి. తనకోసం కూడు పోగొట్టుకోవడానికి ఒక మనిషి ఉరికి వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ల నౌకరీలో ఇంతకంటే సంపాదించిందేముంది? పొద్దుటినుంచి మొదటిసారి మామూలు భాషలో నోరు విప్పాడు.

"ఇసీనే రోకీ సాబ్," ఆపింది ఇతనేనని నూకరాజును చూపించాడు. "నేను చూశాను."

అంత చురుకైన కళ్లు కేబిన్‌లో వృథా కాకూడదని సాబ్ నూకరాజును మూడు నెలలు పట్టాల పక్కన ఎండలో ఇరుసులు చూసే పనికి వేశాడు. అతనికి అన్నం క్యారియరు మాత్రం రోజూ సూర్యారావే మోశాడు.