అరగంట ముందున్న గడియారం

రైలు తొమ్మిదీ పదికి. స్టేషనుకి నడక ఇరవై నిమిషాలు. ఎనిమిదిన్నరకి గుమ్మం దాటితే, ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ పక్కపక్కన నిలబడి తాపీగా మంచు చూడొచ్చు. ఆ శుక్రవారం ఉదయం గడియారాలాయన వేసుకున్న లెక్క ఇది. ముప్పై ఏళ్లుగా ఊరందరి గడియారాలూ బాగుచేసిన మనిషి టైము విషయంలో బోల్తా పడతాడని ఎవరనుకుంటారు చెప్పండి!

అసలు ఈ ప్రయాణం ఎందుకంటే, పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆయనా, ఇల్లాలూ ఇద్దరే కూర్చుని ఒక్క కప్పు టీ తాగిన పాపాన పోలేదు. ఇంట్లో అమ్మ, అక్కయ్య, పెళ్లి ఊసెత్తితే పారిపోయే తమ్ముడు. టీ గిన్నె పొయ్యి మీదికి ఎక్కిందంటే చాలు, అమ్మకి గొంతు ఆరిపోతుంది, అక్కయ్యకి తలనొప్పి వస్తుంది, తమ్ముడికి వదినతో చెప్పాల్సిన అర్జంటు సంగతి గుర్తొస్తుంది. మొగుడూ పెళ్లాల గదికీ అక్కయ్య గదికీ మధ్య ఉన్నది ఒట్టి చెక్కగోడ. ఇటు తుమ్మితే అటునుంచి "ఆవిరి పట్టరా తమ్ముడూ" అని వినిపిస్తుంది.

రెండు నెలల కిందట కప్పులు తుడుస్తూ ఆవిడ అన్నది. "నాకు చీరలూ నగలూ వద్దండీ. మనిద్దరమే కూర్చుని, ఎవరూ పిలవకుండా, వేడివేడిగా ఒక కప్పు టీ తాగాలి. అంతే." ఆ మాట పూర్తయ్యేలోపే అమ్మ పిలిచింది. ఆవిడ వెళ్లిపోయింది. గడియారాలాయనకి మాత్రం ఆ రోజంతా చేతిలో పని సాగలేదు.

అందుకని, మహానగరంలో నది ఒడ్డున ఒక హోటల్లో రెండు రోజులకి గది. చలికాలం, కిటికీలోంచి నది, చేతిలో టీ, ఎదురుగా ఇల్లాలు. పెళ్లినాటి ఉన్నికోటు తొడుక్కుని వెళ్లాలని కూడా తీర్మానించుకున్నాడు. ఆ కోటేమో పొట్ట దగ్గర ఆగిపోయింది. దాంతో నోరు కట్టేసుకుని, రాత్రి భోజనం మానేసి, టీలో పంచదార మానేసి, నెల తిరిగేసరికి అన్ని బొత్తాలూ పెట్టగలిగాడు. ఇదంతా రహస్యమే. ఇంట్లో తెలిస్తే అమ్మకి నది చూడాలనిపిస్తుంది.

హోటలుకి ఫోను కూడా ఇంట్లోంచి కాదు, దుకాణంలోంచే చేశాడు. సరిగ్గా అప్పుడే అక్కయ్య మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. తమ్ముడు గొంతు తగ్గించి మాట్లాడుతుంటే ఏ అక్క లోపలికి వస్తుంది? గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"కిటికీ పక్కన మంచం కావాలండీ. సందడి ఉండకూడదు. రెండ్రోజులూ మంచం దిగకపోయినా ఎవరూ అడక్కూడదు. మా ఆవిడకింకా తెలీదు, అక్కడికొచ్చాకే తెలియాలి. ముందే తెలిస్తే ఏడ్చేస్తుంది" అంటున్నాడాయన.

అక్కయ్య పైప్రాణాలు పైనే పోయాయి. రాత్రి భోజనం మానేశాడు. పంచదార మానేశాడు. నెల్లాళ్లలో సగమైపోయాడు. ఇప్పుడు మంచం మాట్లాడుకుంటున్నాడు! సాయంత్రానికి సంగతి అమ్మకి చేరింది, అమ్మ నుంచి తమ్ముడికి, తమ్ముడి నుంచి వదినకి. ఆపరేషనని అక్కయ్య అనలేదు, కానీ వదిన దగ్గరికి వచ్చేసరికి ఆపరేషనే అయింది. "వాడంతట వాడు చెప్పేదాకా అడగొద్దే, అడిగితే బెంబేలెత్తిపోతాడు" అని అమ్మ కోడలి చేత ఒట్టు వేయించుకుంది.

ఇవేమీ తెలియని గడియారాలాయన మర్నాడు ఇల్లాలితో, "నగరంలో చిన్న పనుంది. రెండ్రోజులు. నువ్వు కూడా రా, పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. ఆవిడ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఆహా, ఎంత సంబరపడిపోయిందో అనుకున్నాడాయన.

ఇప్పుడు శుక్రవారం ఉదయానికి వద్దాం. హాల్లో గోడ గడియారం ఒకటుంది. ఆవిడకి ఎక్కడికి బయల్దేరినా ఆలస్యం అలవాటు. అందుకని పెళ్లైన కొత్తలోనే ఆయన దాన్ని గుట్టుచప్పుడు కాకుండా అరగంట ముందుకి తిప్పిపెట్టాడు. అమ్మ ఆ గడియారాన్ని కళ్లు మూసుకుని నమ్ముతుంది, ఎక్కడికెళ్లినా అరగంట ముందే వెళ్లి కూర్చుంటుంది. కానీ ఈ రోజు తెల్లవారుజామున ఆయనకి మనసొప్పలేదు. 'ఇద్దరమే వెళ్తున్నాం, ఈ ఒక్కసారైనా మా ఆవిడ దగ్గర మోసం ఎందుకు' అనుకుని, స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పి, సరైన టైము పెట్టాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

ఎనిమిదికి అమ్మా అక్కయ్యా తమ్ముడూ బయల్దేరారు. "మార్కెట్టుకి వెళ్లొస్తాంరా" అంటూ అమ్మ ఆయన బుగ్గలు నిమిరింది. తమ్ముడు కావలించుకుని వదల్లేదు. మార్కెట్టుకి దుప్పట్లెందుకో అడుగుదామనుకున్నాడు గానీ, మాటల్లో పడితే రైలు పోతుందని ఊరుకున్నాడు.

ఎనిమిదిన్నరైంది. ఆయన కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, గదిలోకి తొంగిచూశాడు. ఆవిడ ఫ్లాస్కూ, రబ్బరు వేడినీళ్ల సంచీ, రెండు పాత తెల్ల దుప్పట్లూ సర్దుతోంది. ఆయన్ని కోటులో చూడగానే చెయ్యి ఆగిపోయింది.

"ఎంత చిక్కిపోయారండీ" అని ముక్కు చీదుకుంది.

"బాగున్నానా?"

"బాగానే ఉంటారు. మీకేం కాదు."

"అది సరే, ఎనిమిదిన్నరైంది, పద."

ఆవిడ హాల్లో గడియారం వైపు చూసి, "చాలా టైముందండీ" అంది నింపాదిగా. మళ్లీ వంగి సంచీ విప్పింది.

ఎనిమిదీ నలభై. ఆవిడ పాత మందుల చీటీలు వెతుకుతోంది. ఆయన కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరుగుతున్నాడు. "నిజంగానే నలభై అయిందే!" అన్నాడు. "ఆ, అలాగే" అంది ఆవిడ. "ఒట్టు!" అన్నాడు. "మీరు ఊరికే కంగారుపడకండి, ఇప్పుడు కంగారు మంచిది కాదు" అని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. రెండు నెలల ప్లాను కళ్లెదుటే కరిగిపోతుంటే ఆయనకి ఏడుపొక్కటే తక్కువ. గద్దిస్తే ప్రయాణం సంతోషమంతా పోతుంది. గద్దించకపోతే ప్రయాణమే పోతుంది. ఆ రెండింటి మధ్యా నలిగి ఎనిమిదీ యాభై ఎనిమిదికి ఇంటికి తాళం పెట్టాడు.

పరుగో పరుగు. పొగమంచులో ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంటే, "పరుగెత్తకండీ, మీరు పరుగెత్తకూడదు!" అని ఆవిడ ఏడుస్తూ వెనక్కి లాగుతోంది. ప్లాట్‌ఫారం మీద అడుగుపెట్టేసరికి ఆఖరి పెట్టె ఎర్రదీపం మంచులో కలిసిపోతోంది.

గడియారాలాయన బల్లమీద కూలబడ్డాడు. బొత్తాం ఒకటి తెగి పట్టాల మీద పడింది. "చెప్పాను కదే! ఎన్నిసార్లు చెప్పాను!"

"మీరు రోజూ చెప్తారండీ! ఆ గడియారం అరగంట ముందు పెట్టారని పెళ్లైన రెండో ఏడే కనిపెట్టాను. అప్పట్నుంచీ అరగంట తీసేసే చూసుకుంటున్నాను. మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు."

"ఈ రోజు సరిగ్గా పెట్టానే!"

"ఇరవై ఆరేళ్లు అబద్ధం చెప్పిన గడియారం ఇవాళ నిజం చెప్తుందని నాకెలా తెలుస్తుందండీ?" ఆవిడ భోరుమంది. "ఇప్పుడు ఆపరేషను ఎలాగ? డాక్టరు మళ్లీ ఎప్పుడు రమ్మంటాడో!"

"ఏ ఆపరేషను?"

అప్పుడే ఆయన ఫోను మోగింది. తమ్ముడు. "అన్నయ్యా, ఏ పెట్టెలో ఉన్నావు? దాచకు, మాకంతా తెలుసు. మిమ్మల్నిద్దర్నే పంపిస్తామా? అమ్మా, అక్కా, నేనూ ఎక్కేశాం. ఆసుపత్రి చిరునామా నీ కోటు జేబులోంచి అక్క రాసుకుంది. రైలు మధ్యలో ఎక్కడా ఆగదట, ధైర్యంగా ఉండు..." లైను తెగిపోయింది.

గడియారాలాయన ఫోను బల్లమీద పెట్టాడు. జేబులోంచి చీటీ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. చిరునామా వెనక ఆయన చేతిరాత. 'ఇద్దరికి. కిటికీ పక్కన. సాయంత్రం నాలుగుకి గదిలోకే టీ, రెండు కప్పులు.'

ఆవిడ మూడుసార్లు చదివింది. "మీకు జబ్బు లేదా?"

"ఆకలి ఉంది. నెలన్నర నుంచీ ఉంది."

"పదిహేను రోజులు నిద్రపోలేదండీ నేను" అని ఆయన భుజం మీద రెండు గుద్దులు గుద్ది, అదే భుజం మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆగదే!

మెల్లగా ఇంటికి నడిచారు. తాళం తీసి లోపలికొచ్చాక ఇద్దరికీ ఏదో తేడాగా అనిపించింది. గొంతు ఎండిపోయినవాళ్లు లేరు. తలనొప్పివాళ్లు లేరు. హోటలుకి ఫోను చేసి ముగ్గురినీ గదిలోకి రానివ్వమని మాత్రం చెప్పాడాయన. ఆవిడ టీ పెట్టింది. రెండు కప్పులు. గిన్నెలో ఏమీ మిగల్చకుండా, పంచదార దండిగా వేసి. కిటికీ దగ్గర కుర్చీలు వేసుకున్నారు. కిటికీలోంచి నది కనిపించలేదు, ఎదురింటి గోడ కనిపించింది. ఆ గోడ ఇంత బాగుంటుందని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఆ టీ అయ్యాక మరో రెండు కప్పులు పెట్టుకుని, సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకున్నారు. ఎవరూ పిలవలేదు.

నాలుగు దాటాక ఫోను మోగింది. అమ్మ.

"ఒరే, ఎక్కడున్నావురా? ఆసుపత్రి అద్దంలా ఉంది. కానీ మంచమంతా గులాబీ రేకులు చల్లారేమిట్రా? అవి చూసి అక్క ఒకటే ఏడుపు. ఎవరో ఇప్పుడే రెండు కప్పుల టీ ఇచ్చి వెళ్లాడు, ముగ్గురం పంచుకున్నాం. డాక్టరెప్పుడొస్తాడు?"

ఆయన నిజం చెప్పబోయాడు. ఆవిడ ఫోను అందుకుంది.

"అత్తయ్యా, మీరేం బెంగపడకండి. ఇక్కడే ఇంకో డాక్టరు చూశాడు. అసలు జబ్బే లేదన్నాడు. వదిన్ని ఏడవొద్దనండి. ఒక్క రెండు రోజులు మాత్రం ఇంట్లో సందడి లేకుండా చూడమన్నాడు. మీరు ఆదివారం దాకా అక్కడే ఉండి, నది చూసి రండి."

ఆవిడ ఫోను పెట్టేసి మళ్లీ టీ గిన్నె అందుకుంది. ఆదివారం వాళ్లెక్కాల్సిన రైలు అరగంట ముందే వెళ్లిపోవాలని, వృత్తికి ద్రోహమని తెలిసి కూడా, గడియారాలాయన మనసారా కోరుకున్నాడు.