ఓడిపోవడం కుదరని శనివారం

శనివారం పొద్దున రూబెన్ స్టాల్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పదింటికి పేకాట పోటీ. పన్నెండున్నరకల్లా ఓడిపోవడం. ఒంటిగంటకు క్షౌరం. రెండింటికి ఇంటికొచ్చి స్నానం. నాలుగింటికి పెళ్ళి.

పెళ్ళి అతనిదే. అరవై ఆరేళ్ళ వయసులో, ముప్పై ఏళ్ళు కొండదారుల్లో మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాక, బడి వంటశాలలో పనిచేసే లొరెట్టాను చేసుకుంటున్నాడు. పోటీ రుసుము కట్టింది కూడా లొరెట్టాయే. అది ఆవిడ పెళ్ళికానుక. రీనో ఊళ్ళో ఏటా జరిగే వృద్ధుల పోకర్ పోటీకి రూబెన్ పదకొండేళ్ళుగా వెళ్తున్నాడు, పదకొండేళ్ళుగా మధ్యాహ్న భోజనం వేళకి ఇంటికి తిరిగొస్తున్నాడు. అందుకే ఆవిడ ధైర్యంగా అదే రోజు ముహూర్తం పెట్టించింది.

"చక్కగా ఆడు," అంది ముందురోజు. "పెళ్ళికి టైమవుతోందని కావాలని ఓడిపోయి వచ్చావో, నాకు తెలిసిపోతుంది. నేనిచ్చింది చెత్తబుట్టలో పారేసినట్టే."

"నేను కావాలని ఓడిపోనక్కర్లేదు. మామూలుగానే ఓడిపోతా," అన్నాడు రూబెన్.

"నాలుగంటే నాలుగే. రే గాడిలా చెయ్యకు."

రే ఎవరో రూబెన్‌కి తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట లొరెట్టాను చేసుకోవాల్సినవాడు. ఆవిడ పెళ్ళి గౌను వేసుకుని పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉంటే, ఆ మహానుభావుడు జూదం బల్ల దగ్గర కూర్చుని "ఇంకొక్క ఆట, వచ్చేస్తా" అని కబురు పంపాడు. ఇప్పటిదాకా రాలేదు.

రూబెన్ ఆడే పద్ధతి రీనో పేకాట హాల్లో అందరికీ తెలిసిందే. చేతికొచ్చిన రెండు ముక్కలూ ఆసులో రాజులో అయితే తప్ప పందెం కాయడు. మిగతావన్నీ చూసి చూడగానే పడేస్తాడు. ముక్కలు పడేసినా, వంతు వచ్చినప్పుడు కట్టాల్సిన పందెం కట్టక తప్పదు కదా. అలా కట్టీ కట్టీ ముందున్న పందెం బిళ్ళలు కరిగిపోయి, ఏ గొడవా లేకుండా లేచి ఇంటికి పోతాడు. అందుకే అతనికి బండరాయి అని పేరు.

ఆ శనివారం మాత్రం ఖర్మ కాలి, మొదటి గంటలోనే రెండుసార్లు ఆసుల జత వచ్చింది. రెండుసార్లూ ఎవడో ఒకడు ఎదురు పందెం కాసి మునిగాడు. పన్నెండింటికి విరామం ఇచ్చేసరికి రూబెన్ ముందు బిళ్ళలు మూడింతలయ్యాయి.

అతనితో పాటు పోటీకి వచ్చిన స్నేహితుడు గస్ పదీ నలభైకే ఓడిపోయి, చూసేవాళ్ళు దాటకుండా కట్టిన తాడు అవతల నిలబడి హాట్‌డాగ్ తింటున్నాడు. పెళ్ళికి తోడు పెళ్ళికొడుకు కూడా అతనే.

"ఒరేయ్ బండరాయీ, ఏంట్రా ఇది! నువ్వేనా?"

"నోర్ముయ్. క్షౌరానికి టైమైపోతోంది."

"జుట్టుకేం తొందర, ఉన్నదే నాలుగు వెంట్రుకలు."

రూబెన్ లొరెట్టాకు ఫోన్ చేశాడు. ఆవిడ బ్యూటీపార్లర్లో ఉన్నట్టుంది, తియ్యలేదు. సందేశం చెప్పి పెట్టమని మిషను అడిగింది. మిషన్లతో మాట్లాడాలంటే రూబెన్‌కి ఎప్పుడూ నాలుక మడత పడుతుంది. "లొరెట్టా, నేనే. ఇంకా ఆటలోనే ఉన్నా. కంగారు పడకు. ఇంకొక్క ఆట, వచ్చేస్తా," అనేశాడు.

అన్నాక ఆ మాటలు తనకే వినబడ్డాయి. అక్షరం పొల్లుపోకుండా రే గాడి మాటలు! చెరిపేద్దామని కనిపించిన మీటలన్నీ నొక్కాడు. మిషను ఎంతో మర్యాదగా, సందేశం భద్రపరిచామని చెప్పింది.

ఇక ఒకటే దారి. ఓడిపోవాలి. కానీ కావాలని ఓడిపోకూడదు. రూబెన్ తన అంతరాత్మతో కాసేపు బేరమాడి ఒక ఒప్పందానికి వచ్చాడు. కావాలని ఓడితే తప్పు. ధైర్యంగా ఆడి ఓడితే అది శౌర్యం. పదకొండేళ్ళలో ఒక్కసారైనా శౌర్యం చూపించకూడదని ఎక్కడా లేదు కదా!

విరామం అయ్యాక చేతికి ఏడూ రెండూ వచ్చాయి, వేర్వేరు రంగులు. పోకర్లో ఇంతకంటే దరిద్రపు ముక్కలు లేవు. రూబెన్ గుండె నిబ్బరం చేసుకుని, "మొత్తం," అన్నాడు. ఉన్న బిళ్ళలన్నీ ముందుకు తోశాడు.

ఎదురుగా కూర్చున్న ఆర్లీన్ అల్లిక ఆపి కళ్ళజోడు మీంచి చూసింది. ఎనభై మూడేళ్ళావిడ, ఆ హాల్లో అందరికంటే ముదురు.

"బండరాయి మొత్తం తోశాడంటే ఆసులే," అంది తన రాజుల జత పడేస్తూ. "పదకొండేళ్ళుగా చూస్తున్నా నాయనా, నాకా నువ్వు నేర్పేది!"

ఆవిడ పడేశాక మిగతావాళ్ళూ వరసగా పడేశారు. ఎదురాడేవాడు లేక, మధ్యలో ఉన్న పందెం రూబెన్‌కే వచ్చింది.

తర్వాతి ఆటలో నాలుగూ తొమ్మిదీ. "మొత్తం." అందరూ పడేశారు. ఆ తర్వాత మూడూ ఎనిమిదీ. "మొత్తం." మళ్ళీ అందరూ పడేశారు. రూబెన్ చెమట తుడుచుకుంటూ బతిమాలుతున్నట్టు అందరి ముఖాలూ చూశాడు. ఒక్కడైనా ఎదురాడతాడేమోనని ఆశ.

"చూడండి ఆ ముఖం," అంది ఆర్లీన్ పక్కవాళ్ళతో. "రమ్మని ఎలా ఉసిగొల్పుతున్నాడో! ఎవరూ వెళ్ళకండర్రా."

ఒంటిగంటన్నరకి ఖాళీ అయిన కుర్చీలోకి వేరే బల్ల నించి ఫ్రెస్నో ఊరి పెద్దమనిషి ఒకడు వచ్చి చేరాడు. రూబెన్ సంగతి ఏమాత్రం తెలియనివాడు. అతన్ని చూడగానే రూబెన్‌కి దేవుణ్ణి చూసినట్టయింది. మళ్ళీ ఏడూ రెండూ వచ్చాయి. "మొత్తం!" అన్నాడు, గొంతులో సంతోషం ఆపుకోలేక.

"నేనూ మొత్తం," అన్నాడు ఫ్రెస్నో పెద్దమనిషి.

రూబెన్ లేచి అతనికి చెయ్యి అందించబోయాడు. ముక్కలు తిప్పారు. ఆయనవి రాజుల జత, ఇతనివి ఏడూ రెండూ. హాలంతా గొల్లున నవ్వింది. ముక్కలు పంచే అమ్మాయి బల్ల మధ్యలో ఐదు ముక్కలు పరిచింది. అందులో ఒక ఏడూ ఒక రెండూ వచ్చి కూర్చున్నాయి. రెండు జతలు. ఒక జత రాజులు ఎంత పెద్దవైతేనేం, రెండు జతల ముందు దిగదుడుపే.

"ఏడూ రెండుతోనా! నువ్వసలు మనిషివేనా!" అని కేకలేస్తూ ఫ్రెస్నో పెద్దమనిషి కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.

రూబెన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూసినవాళ్ళు అవి ఆనందబాష్పాలనుకున్నారు. తాడు అవతల జనం పోగయ్యారు. ఎవరో ఫొటో తీశారు. హాలు సూపర్‌వైజరు మైకులో, "నాలుగో బల్ల దగ్గర రూబెన్ స్టాల్ అందరికంటే ముందున్నారు," అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండింటి విరామంలో మళ్ళీ ఫోన్ చేస్తే లొరెట్టా తియ్యలేదు. రూబెన్ గస్‌ని ఆవిడ ఇంటికి పరిగెత్తించాడు. మూడు దాటాక గస్ తిరిగొచ్చి తాడు మీద వాలిపోయాడు. ఆడుతున్నవాడితో మాట్లాడకూడదని సూపర్‌వైజరు కసిరేలోగా ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"ఇంట్లో లేదురా. వాళ్ళ చెల్లెలుంది. ఫోన్లో నీ మాట విందిట. రెండుసార్లు విందిట. గౌను వేసుకుని, తలుపు దబ్బున వేసి పోయిందిట."

"ఎక్కడికి?"

"అడిగితే నా ముఖం మీదా వేసింది తలుపు."

అప్పటినించీ ఏ ముక్కలు వచ్చాయో, ఎంత కాశాడో, ఎవరు లేచిపోయారో రూబెన్‌కి సరిగా గుర్తులేదు. ఏం చేసినా బిళ్ళలే పెరుగుతున్నాయి. నూట ఇరవై మందిలో పంతొమ్మిది మంది మిగిలారు. గోడ గడియారం మూడూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది.

అప్పుడు పక్క కుర్చీ ఆయన గట్టిగా ఊపిరి తీసుకుని, "మొత్తం," అన్నాడు. వంతు రూబెన్‌ది. ముక్కల అంచులు పైకెత్తి చూశాడు.

ఆసు. ఇంకో ఆసు.

పదకొండేళ్ళుగా పగలూ రాత్రీ కలగన్న ఆట అది. ఎదుటివాడు ఉన్నదంతా ముందుకు తోసేశాడు, తన చేతిలో ఆసుల జత ఉంది. గెలిస్తే ఈ పోటీలో ఇక తనకు ఎదురు నిలిచేవాడుండడు. రూబెన్ ఆ రెండు ముక్కల్నీ ఒక్క క్షణం చూశాడు. పూలగుత్తి పట్టుకుని నిలబడ్డ లొరెట్టా కనిపించింది. ఈసారి పూలగుత్తి వాడిపోకూడదు అనుకున్నాడు. ముక్కలు బోర్లించి ముందుకు పడేసి లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికి నాయనా?" అంది ఆర్లీన్.

"పెళ్ళికి."

"ఎవరిది?"

"నాదే."

ఆర్లీన్ చేతిలో అల్లిక సూది జారి కిందపడింది. "మరి ఇన్ని బిళ్ళలు?"

"ఉండనివ్వండి. వాటికి పెళ్ళి లేదుగా!" అంటూ రూబెన్ తాడు దాటి, జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు.

సూటు గస్ కారులోనే ఉంది. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా రూబెన్ ఒక్కో బట్ట మార్చుకున్నాడు. పక్క కారులో ఉన్న చిన్నపాప చెయ్యి ఊపితే, ప్యాంటు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిన స్థితిలో అతనూ చెయ్యి ఊపాడు. పెళ్ళిళ్ళ చర్చి ముందు దిగేసరికి నాలుగు దాటి మూడు నిమిషాలు.

లోపల బల్ల దగ్గర గుమస్తా కాగితాలు తిప్పి చూశాడు. "స్టాల్‌గారా? మీది ఏడింటికి కదండీ?"

"నాలుగింటికి!"

"మార్పించారు కదా. పెళ్ళికూతురే ఫోన్ చేశారు, ఒంటిగంటకి."

రూబెన్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఏడింటికి మార్చిందా? ఎందుకు? మార్చిన మనిషి ఏది? అంతలో తలుపు దభీమని తెరుచుకుంది. తెల్ల గౌను ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకుని, ఆయాసపడుతూ లొరెట్టా నిలబడి ఉంది.

"ఏంటి నీ పరుగు! వెనక నించి పిలుస్తుంటే వినబడదా? చెప్పులు విప్పి పరిగెత్తా నీ వెనక!"

"నువ్వు... ఎక్కడున్నావు?"

"ఎక్కడేంటి, పేకాట హాల్లో. రెండున్నరనించీ."

రూబెన్ నోరు తెరిచాడు. పెళ్ళి గౌనులో గంటకు పైగా నిలబడితే తను చూడకపోవడమేమిటి? కానీ రీనోలో శనివారం పూట పెళ్ళి గౌనుతో తిరిగే ఆడమనిషిని ఎవరూ రెండోసారి చూడరు. ఆ హాల్లోనే ఇంకో ముగ్గురున్నారు.

"గెలుస్తున్నావని గస్ ఒంటిగంటకి ఫోన్ చేసి చెప్పాడు," అంది లొరెట్టా పక్కన కూర్చుంటూ. "ఎంత సంబరపడ్డానో! వెంటనే ఏడింటికి మార్పించా. ఆ తర్వాత నీ మాట విన్నా. ఇంకొక్క ఆట, వచ్చేస్తా."

"లొరెట్టా, అది..."

"నన్ను చెప్పనీ. ఏడింటికి మార్చానని చెబుదామనే వచ్చా. తాడు దాటనివ్వలేదు ఆ సూపర్‌వైజరు. ఫోను కార్లో వదిలేశా, ఈ గౌనుకి జేబులుంటే కదా. తర్వాత గస్ కనిపించాడు. వాడితో కబురు పంపొచ్చు." ఆవిడ గౌను అంచు దులిపింది. "పంపలేదు. చూద్దాం అనుకున్నా. మూడూ ముప్పావు దాకా చూసి, లేవకపోతే తిన్నగా ఇంటికెళ్ళి ఈ గౌను పొయ్యిలో పెడదామనుకున్నా."

"మరి లేచాగా!"

"లేచావు," అంది లొరెట్టా. కళ్ళు ఒత్తుకుని, చెప్పుతో అతని భుజం మీద ఒకటి వేసింది. "అన్ని బిళ్ళలు వదిలేసి ఎవడైనా లేస్తాడా, పిచ్చి మొహమా! అందరికంటే ముందున్నావు కదయ్యా!"

రూబెన్ గుండెల మీంచి మంచు బండి దిగినట్టయింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. తలుపు దగ్గర నిలబడ్డ గస్ కూడా రెండూ చేశాడు, అతనికి కారణం సగమే తెలిసినా.

గుమస్తా దగ్గాడు. "నాలుగింటి జంట ఇంకా రాలేదండి. పెళ్ళికొడుకు ఎక్కడో జూదం బల్ల దగ్గర ఇరుక్కున్నాడట. మీకు అభ్యంతరం లేకపోతే..."

అభ్యంతరమేముంది! పదకొండు నిమిషాల్లో పెళ్ళయిపోయింది. కాగితాల మీద సంతకాలు చేసి, పక్కనున్న హోటల్లో ముగ్గురూ మాంసం ముక్కలూ బంగాళాదుంపలూ తిన్నారు. పొద్దుటినించీ ఏమీ తినలేదని రూబెన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. నాలుగో ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే లొరెట్టా అతని చెయ్యి పట్టుకుంది.

"ఆ బిళ్ళలు ఇంకా అక్కడే ఉంటాయా?"

"ఉంటాయి. మనిషి లేకపోతే ముక్కలు పంచి, పడేసినట్టు లెక్క. వంతు పందెం మాత్రం ఆ కుప్పలోంచే తీసుకుంటారు."

"అయితే నువ్వు ఉన్నప్పుడు ఆడేట్టే ఆడుతుందన్నమాట కుర్చీ," అంది లొరెట్టా లేస్తూ. "పద."

వాళ్ళు హాల్లోకి వచ్చేసరికి అయిదున్నర. ఒకే ఒక్క బల్ల మిగిలింది. చుట్టూ ఎనిమిది మంది మనుషులు, తొమ్మిదోది ఖాళీ కుర్చీ. దాని ముందు బిళ్ళలు తరిగినా ఇంకా మూడో పెద్ద కుప్ప అదే. మిగతావాళ్ళు ఒకరినొకరు కొట్టుకుని లేచిపోతుంటే కుర్చీ ఎవరి జోలికీ పోకుండా చివరి బల్ల దాకా వచ్చేసింది. పక్కనే కొండంత కుప్పతో ఆర్లీన్ అల్లుకుంటోంది.

"రా నాయనా, పెళ్ళయిందా?" అని ఆర్లీన్ లొరెట్టా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "చల్లగా ఉండండి. కూర్చో, కూర్చో."

లొరెట్టా రూబెన్ వెనక నిలబడి అతని భుజాల మీద చేతులు వేసింది. పెళ్ళాం చూస్తోంది కదా అని రూబెన్ ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. మొదటి ఆటలోనే రాణుల జత వచ్చింది. "మొత్తం!" అన్నాడు.

ఆర్లీన్ కళ్ళజోడు సర్దుకుని, తన ఆసుల జత నెమ్మదిగా తిప్పి పెట్టింది. బల్ల మధ్యలో పరిచిన ఐదింటిలో రాణి ఒక్కటీ రాలేదు. రూబెన్ కూర్చుని నాలుగు నిమిషాలు కూడా కాకుండానే పోటీలోంచి బయటపడ్డాడు.

ఆర్లీన్ బిళ్ళలు దగ్గరికి లాక్కుంటూ, "మీరు ఇంకాస్త నెమ్మదిగా పెళ్ళి చేసుకోవాల్సింది నాయనా," అంది. "కుర్చీ బాగా ఆడుతోంది."