మనిషి చెయ్యి పడని తలుపు

ఆ ఉదయం సిస్టమ్స్ మేనేజరు మీసం తీసేశాడు. పది గంటలకు డైరెక్టరుగారికి, ముఖం చూసి తెరుచుకునే తలుపు గురించి వివరించాలి. ఆవిడకు నచ్చితే అన్ని బ్రాంచీలకూ ఆయనే హెడ్డు. కాస్త కుర్రగా కనిపిస్తే తప్పేముందనుకున్నాడు.

ఆ తలుపు ఆయన సృష్టే. మనుషులు మొహమాటపడతారు, మెషీన్ పడదు అన్నది ఆయన సిద్ధాంతం. అందుకే కాపలా మనిషి దగ్గరున్న ఆ తలుపు తాళంచెవిని నెల కిందటే స్వయంగా లాక్కుని, పైన తన గదిలో పడేశాడు. కంటికి కట్టుతో వచ్చిన టైపిస్టును తలుపు వెనక్కి పంపేస్తే, రూలు రూలేనని చేతులు దులుపుకున్నాడు.

తొమ్మిదిన్నరకు తలుపు ఆయన్ని తేరిపార చూసి ఎర్రదీపం వెలిగించింది.

"నేనే కదయ్యా," అన్నాడు కాపలా మనిషితో.

"నాకు తెలుసు సార్. కానీ నాకు తెలియడం లెక్కలోకి రాదని మీరేగా చెప్పారు."

మూడోసారి ముఖం పెట్టేసరికి తలుపు ఆయన్ని ఆగంతకుడిగా నమోదు చేసుకుని, పైనున్న ప్రతి కంప్యూటరుకీ ఫొటో పంపింది. వెంటనే అసిస్టెంటు ఫోన్ చేశాడు. "సార్, కింద ఎవడో మీరేనని చెప్పుకుంటూ గొడవ చేస్తున్నాడట. వాడు పోయేదాకా మీరు రాకండి."

"వాడు నేనేనయ్యా."

"వాడూ అచ్చం ఇదే అంటున్నాడట సార్," అని పెట్టేశాడు.

ఇంట్లోవాళ్ళు ఔనంటే పైకి కబురు పెడతానన్నాడు కాపలా మనిషి. తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళిపోయిన భార్యకు వీడియో కాల్ చేశారు.

"నేనేనని కాస్త చెప్పవే. నీకు దండం పెడతాను."

ఆవిడ చాలాసేపు చూసింది. "గొంతు ఆయనదేనండీ. కానీ మా ఆయన పాతికేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను బతిమాలలేదు. ఎవరో మోసం చేస్తున్నారు."

మేనేజరు కాపలా మనిషి కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు టైపిస్టు కూడా నేనే సార్, నేనే అంది. అప్పుడాయన తలెత్తనైనా లేదు. తల్చుకుంటే నిజంగా సిగ్గేసింది.

పదింటికి డైరెక్టరే కిందికి దిగి వచ్చింది. ఒక్క చూపులో ఆయన్ని గుర్తుపట్టి, సంగతంతా విని, తెగ సంబరపడింది. "తయారుచేసినవాణ్ణే ఆపిందంటే దీనికి పక్షపాతమే లేదు. అన్ని బ్రాంచీల్లోనూ పెట్టించండి. మీరే హెడ్డు."

నిన్నటిదాకా ఆ మాట కోసమే కలలు కన్నాడు. ఇవాళ మింగుడుపడలేదు. "ఒక్క మార్పు మేడమ్. తాళంచెవి ఇతని దగ్గరుండాలి. ఎదుటి మనిషి తెలుసని చెప్పే హక్కు మనిషికి ఉండాలి."

"సబబే. రాసి, సంతకం పెట్టి నా టేబుల్ మీద పెట్టండి," అని ఆవిడ లోపలికి వెళ్ళింది. వెనకే తలుపు మూసుకుంది.

టేబుల్ లోపలుంది.